స్త్రీల సమాజానికి ఏ కాలంలో ఏ కార్యక్రమం? పొలం పని చూసి ఎంచుకోండి

జనవరి మొదటి ఆదివారం ఆరాధన ముగిశాక చాలా క్రైస్తవ సంఘాల్లో స్త్రీల సమాజం సభ్యులు కూర్చుని ఆ సంవత్సరం కార్యక్రమాలు రాసుకుంటారు. మా సంఘంలో పన్నెండేళ్లు ఆ పుస్తకం రాసింది నేనే. మొదట్లో సంఘ పండుగలు చూసి తేదీలు వేసేదాన్ని. శ్రమల దినాలు, ఈస్టర్, ఉజ్జీవ కూడికలు, కోత పండుగ, క్రిస్మస్. ఐదో ఏడు ఆగస్టులో రెండు రోజుల కూడిక పెట్టి, బయటి నుంచి ప్రసంగీకురాలిని పిలిపించాం. నలభై ఆరుగురు సభ్యుల్లో పదకొండు మంది వచ్చారు. మిగిలినవాళ్లు నాట్లలో ఉన్నారు. సాయంత్రం ఆరున్నరకు ఒక అక్క మోకాళ్ల దాకా బురదతో గేటు దగ్గర నిలబడి, "ప్రార్థన అయిపోయిందా అమ్మా? కాళ్లు కడుక్కుని వస్తాను" అంది. అప్పటికే మేము చాపలు చుట్టేస్తున్నాం.

ఆ మరుసటి ఏడాది నుంచి పుస్తకంలో తేదీకి ముందు ఇంకో గడి గీశాను. ఆ వారం మన స్త్రీలు ఏ పనిలో ఉంటారన్నది అందులో రాస్తాం. అది నిండాకే కార్యక్రమం గురించి మాట్లాడుకుంటాం. బాప్టిస్టు, మెన్నొనైట్ సంఘాల్లో స్త్రీల సమాజం అంటారు, దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ)లో స్త్రీల మైత్రి అంటారు. పేరేదైనా నల్గొండ, పాలమూరు పల్లెల్లో మన సభ్యుల్లో ఎక్కువమంది కూలికి వెళ్లేవాళ్లే. వాళ్లు రాలేని రోజున పెట్టిన కార్యక్రమం ఎంత మంచిదైనా అది సంఘంలో కొద్దిమందిదే అవుతుంది.

ఈ గడి ఊరూరికీ మారుతుంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సాగర్ ఎడమ కాలువ కింద నీళ్లున్న ఏడు రెండు పంటలు వరి వేస్తారు కాబట్టి జూలై, ఆగస్టుల్లోనూ, మళ్లీ జనవరిలోనూ నాట్లుంటాయి. దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి వైపు మెట్టలో పత్తి ఎక్కువ. అక్టోబర్ నుంచి జనవరి దాకా పత్తి ఏరడమే పని. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పల్లి చేలు జనవరి నుంచి మార్చి లోపల పీకుతారు. నారాయణపేట, కోస్గి వైపు ఊళ్లలో పంట ఇంటికి రాగానే వలస మొదలవుతుంది. ఎండాకాలం ఆ ఇళ్లలో ముసలివాళ్లూ పిల్లలూ మిగులుతారు. కాబట్టి పక్క ఊరి సంఘం చేసిందని అదే నెలలో అదే పని మనమూ పెట్టుకోవడం చాలాసార్లు కుదరదు.

వేసవి: చలివేంద్రమా, సెలవుల బైబిలు పాఠశాలా?

రెండూ మంచివే. రెండూ ఒకే ఏడాది చేయగల బలం చిన్న సంఘాలకు ఉండదు. చదువుకున్న కోడళ్లూ ఆడపిల్లలూ కనీసం ఆరుగురు ఉంటే బైబిలు పాఠశాల పెట్టండి. పదిరోజులు ఉదయం ఏడు నుంచి పది లోపల ముగించాలి. మే నెలలో మన జిల్లాల ఎండలో పదకొండు దాటాక పిల్లలను నడిపించి ఇంటికి పంపకూడదు. పొద్దున పాఠశాల వేళకు తల్లులు ఉపాధి హామీ పనికి వెళ్లి ఉంటారు. అందుకని పిల్లలను తీసుకొచ్చి దిగబెట్టే బాధ్యత కూడా మీదేనని ముందే అనుకోండి. ఖర్చు పుస్తకాలకూ అల్పాహారానికీ అవుతుంది. అటుకులు, ఉడకబెట్టిన పల్లీలు చాలు.

చదువు రాని పెద్దవాళ్లు ఎక్కువగా ఉన్న సంఘానికి నేను చలివేంద్రమే చెబుతాను. పాఠశాలలో వాళ్లు వెనక కూర్చుని చూడాల్సిందే. చలివేంద్రంలో వాళ్లే ముందుంటారు. ఉపాధి పని పదకొండు లోపల అయిపోతుంది కాబట్టి మధ్యాహ్నం వంతులకూ మనుషులు దొరుకుతారు.

దీనికి కావలసినవి తక్కువే, కానీ వాటిలో జాగ్రత్త ఉండాలి. మొదటిది చోటు. బస్టాండు, ప్రభుత్వ ఆసుపత్రి, మండల కార్యాలయం, ఈ మూడింటిలో ఆసుపత్రి దగ్గరి స్థలం మేలు. బస్టాండులో నీళ్లు కొనుక్కునే వీలైనా ఉంటుంది. ఆసుపత్రి బయట చీటీ కోసం నిలబడిన బాలింతకూ ఆమెతో వచ్చిన తల్లికీ అదీ ఉండదు. పంచాయతీనో మున్సిపాలిటీనో అడిగి అనుమతి తీసుకోండి.

రెండోది నీళ్లు. నల్గొండ వాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర లేదు. ఫ్లోరైడుతో వంగిపోయిన నడుములను మనం ఇళ్లలోనే చూశాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు హద్దుగా పెట్టింది. బోరు నీళ్లు ఎంత తియ్యగా ఉన్నా, ఎంత తేటగా ఉన్నా కుండలో పోయకండి. మరిగిస్తే ఫ్లోరైడు పోతుందని కొందరు అనుకుంటారు. పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ దాని మోతాదు పెరుగుతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు గానీ, శుద్ధి చేసిన క్యాన్ల నీళ్లు గానీ వాడండి. ఐదు వందల మంది గ్లాసు చొప్పున తాగితే వంద లీటర్లు, అంటే రోజుకు ఇరవై లీటర్ల క్యాన్లు ఐదు. దాతలను "చలివేంద్రానికి సాయం చేయండి" అని కాకుండా "ఒక రోజు ఐదు క్యాన్లు మీవి" అని అడిగితే త్వరగా ఒప్పుకుంటారు.

కొత్త రంజన్లు (పెద్ద మట్టి కుండలు) కొన్న రోజే వాడితే మట్టి వాసన వస్తుంది. ఒక రోజంతా నీళ్లు నింపి ఉంచి, ఆ నీళ్లు చెట్లకు పోయండి. కింద ఇసుక పోసి, చుట్టూ తడి గోనెపట్టా చుట్టి, దాన్ని రెండు గంటలకోసారి తడపాలి. లోపల చేయి పెట్టకుండా పొడుగు కాడ ఉన్న గరిటె ఒక్కటే వాడాలి. వడదెబ్బ తగిలినట్టు కనిపించినవాళ్ల కోసం ఒక సీసాలో ఉప్పు చక్కెర నీళ్లు సిద్ధంగా ఉంచండి. లీటరు నీళ్లకు ఆరు చదును టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. మైకంలో ఉన్న మనిషికి మాత్రం నోట ఏమీ పోయకుండా 108కు ఫోను చేయండి. డెబ్బై దాటిన అమ్మలకు పన్నెండు నుంచి మూడు మధ్య వంతు వేయకండి, వాళ్లు కావాలని అడిగినా సరే.

చలివేంద్రం వైపు నా మనసు మొగ్గడానికి ఇంకో కారణం ఉంది. మా అత్తమ్మ చిన్నతనంలో వాళ్ల ఊరి చాయ దుకాణంలో అంటరానితనం పాటించి మన వాళ్లకు వేరే గ్లాసు పెట్టేవారు. దాన్ని చూరులో చెక్కి పెట్టేవారు. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. నీళ్లయితే దోసిట్లో పైనుంచి పోసేవారు. మేము చలివేంద్రం పెట్టిన మొదటి ఏడు అత్తమ్మ రోజూ పొద్దున వంతు తనకే కావాలని అడిగి తీసుకుంది. అదే ఊరి నుంచి ఆసుపత్రికి వచ్చిన ఒక పెద్దాయన గ్లాసు చాపి, "ఇంకొంచెం పొయ్యమ్మా" అన్నాడు. ఆమె పోసింది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది. ఏ ప్రసంగ వేదికా ఆమెకు ఇవ్వలేనిది ఆ గరిటె ఇచ్చింది.

శ్రమల దినాలు, ఈస్టర్

ఈస్టర్ ముందు వచ్చే శ్రమల దినాల్లో నలభై రోజులూ ఇంటింటి కూడికలు పెట్టే సంఘాలున్నాయి. పట్టణంలో బాగానే సాగుతాయి. ఊళ్లలో బుధ, శుక్రవారాలకు తగ్గించి, రాత్రి ఏడున్నర తర్వాత, గంటకు మించకుండా జరపండి. కూడిక పెట్టిన ఇల్లు అందరికీ చాయ, బిస్కెట్లు, తర్వాత ఉప్మా, ఆ తర్వాత భోజనం దాకా పెంచుకుంటూ పోతుంది. ఒకరు మొదలుపెడితే తర్వాతివాళ్లు తగ్గలేరు. అప్పు చేసి పెట్టిన ఇంటిని నేను చూశాను. మంచినీళ్లు తప్ప ఏదీ వద్దని సమాజమే తీర్మానం చేయడం ఒక్కటే మార్గం.

కూడికల కంటే నాకు ఎక్కువ ఇష్టమైనది ఈస్టర్ ముందు సమాధుల తోట శుభ్రం చేయడం. గడ్డి పీకడం, సున్నం వేయడం, పేర్లు చెరిగిపోయిన పలకల మీద మళ్లీ రాయించడం. మట్టల ఆదివారం మధ్యాహ్నం మొదలుపెడితే మంచి శుక్రవారం లోపల అయిపోతుంది. చీపురు, పార పట్టడం మనవాళ్లందరికీ వచ్చు. దిక్కులేని సమాధులు ప్రతి తోటలోనూ ఉంటాయి. వాటిని సభ్యులు తలా ఒకటి పంచుకుంటే ఈస్టర్ తెల్లవారుజామున ఏ సమాధీ కొవ్వొత్తి లేకుండా ఉండదు. యేసు లేచిన రోజు సమాధి దగ్గరకు మొదట వెళ్లింది స్త్రీలే కదా.

మార్చి మొదటి శుక్రవారం వచ్చే ప్రపంచ ప్రార్థనా దినం ఈ కాలంలోనే పడుతుంది. ఏటా ఒక దేశపు స్త్రీలు ఆరాధన క్రమం రాసి పంపుతారు. 2025లో కుక్ దీవుల స్త్రీలు, 2026కు నైజీరియా స్త్రీలు రాశారు. ఖర్చు దాదాపు లేదు, ఒక్క పూట పని. పట్టణంలో బాప్టిస్టు, సీఎస్ఐ, కతోలిక స్త్రీలు ఒకచోట కూర్చునే అవకాశం ఏడాదిలో ఇదొక్కటే కావచ్చు. కొత్తగా మొదలైన సమాజాలు దీనితోనే మొదలుపెట్టడం మంచిది.

వానాకాలం

జూన్ రెండో వారంలో బడులు తెరిచేటప్పుడు నోటు పుస్తకాలు ఇవ్వవచ్చు. అంతకు మించి ఏమీ పెట్టకండి. ఆగస్టు చివరి దాకా నాట్లు, ఆ తర్వాత కలుపు. మా పుస్తకంలో ఇప్పుడు ఆగస్టు గడిలో పెద్ద కార్యక్రమం లేదు. "రాత్రి ఎనిమిదింటికి, నాట్లకు వెళ్లే అక్కల అరుగుల మీద, అరగంట ప్రార్థన" అని మాత్రం ఉంటుంది. మొదట చెప్పిన అక్క ఇంటి అరుగుతోనే దాన్ని మొదలుపెట్టాం.

దసరా సెలవులు: ధ్యాన కూడికా, ఆరోగ్య పరీక్షలా?

పిల్లలకు సెలవులుంటాయని చాలా సంఘాలు అప్పుడు రెండు మూడు రోజుల ధ్యాన కూడిక పెడతాయి. వరి ఊళ్లలో కలుపు అయిపోయి కోతకు ముందు దొరికే తీరిక అది, పెట్టుకోండి. పత్తి ఊళ్లలో మొదటి ఏరడం అప్పుడే వస్తుంది. పాలమూరు బాలానగర్ వైపు గుట్టల్లో సీతాఫలాలు ఏరి అమ్ముకునే స్త్రీలకూ అవే రోజులు. ఏడాది ఖర్చుకు వాళ్లు నాలుగు రూపాయలు చూసుకునే వారంలో కూడికకు రాలేదని వాళ్ల భక్తిని తూచకూడదు.

అలాంటి ఊళ్లలో ఒక్క పూట ఆరోగ్య పరీక్షలు పెట్టండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే మన బెంచీల మీద ఇద్దరిలో ఒకరి కంటే ఎక్కువ. గర్భిణులు కాని స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. బయటి నుంచి పెద్ద శిబిరం తెప్పించడం కంటే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఏఎన్ఎంనీ ఆశా కార్యకర్తనూ పిలవడం మేలు. ఒకసారి మేము హైదరాబాద్ నుంచి ఒక ఆసుపత్రి వాళ్లను పిలిపించాం. ఫొటోలు తీసుకున్నారు, మందుల చీటీలు రాశారు, మళ్లీ కనిపించలేదు. చీటీలోని మందులు ఊళ్లో దొరకలేదు. ఏఎన్ఎం అయితే ఐరన్ మాత్రలు ఇచ్చి, తర్వాతి నెల ఎవరు మింగారో ఎవరు మానేశారో అడుగుతుంది.

కోత పండుగ: వేలమా, పిడికెడు బియ్యమా?

మొదట తేదీ సంగతి. ఎక్కడో అచ్చయిన క్యాలెండర్‌లో అక్టోబర్ అని ఉందని అప్పుడే జరిపితే మన దగ్గర వరి ఇంకా పచ్చిగా నిలబడి ఉంటుంది. ఆయకట్టు కిందైతే నవంబర్ చివరి ఆదివారం, పల్లి ఊళ్లలో ఫిబ్రవరి సరిపోతాయి. వలస ఊళ్లలో జనం వెళ్లకముందే జరపాలి.

కానుకగా వచ్చినవాటిని వేలం వేస్తే ఉత్సాహం ఉంటుంది, డబ్బూ వస్తుంది. కొబ్బరికాయ, కోడిపుంజు, గుమ్మడికాయ, బత్తాయి గంప అసలు ధరకు పదింతలు పలుకుతాయి. అది మంచిదే. కానీ పాడేది ఉద్యోగస్తులూ భూమి ఉన్నవాళ్లూ. మిగిలిన స్త్రీలు చప్పట్లు కొట్టి ఇంటికి వెళతారు. గుడి మరమ్మతులాంటి పెద్ద ఖర్చు ఉన్న ఏడు వేలం పెట్టండి.

పిడికెడు బియ్యంలో ప్రతి ఇల్లూ ఉంటుంది. పొయ్యి మీద ఎసరు పెట్టి, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేయడం. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుంచి ఇలాగే చేస్తూ తమ సంఘ సేవను నడుపుతున్నారు. గుప్పెడంటే నలభై, యాభై గ్రాములు. రోజుకు ఒక్కసారి తీసినా ఒక ఇంటి నుంచి నెలకు కిలోంబావు నుంచి కిలోన్నర వస్తుంది. నలభై ఇళ్లంటే యాభై, అరవై కిలోలు. కూలికి వెళ్లే అక్క డబ్బాలోనూ, టీచరమ్మ డబ్బాలోనూ వచ్చేది దాదాపు ఒకే తూకం. అందుకే నాకిది నచ్చుతుంది.

ఒక్క మాట. పోగైన బియ్యాన్ని బయట అమ్మకండి. చాలా ఇళ్లలో ఉండేది రేషన్ బియ్యం, దాన్ని అమ్మడం నేరం. ఒంటరి విధవలకు బియ్యమే పంచడం కూడా ఇప్పుడు అంత అవసరం కాదు. 2025 ఉగాది రోజున హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలయ్యాక కార్డు ఉన్న ప్రతి మనిషికీ నెలకు ఆరు కిలోల మంచి బియ్యం వస్తున్నాయి. వాళ్లకు కొరత పప్పుకూ నూనెకూ బీపీ మాత్రలకూ. కార్డు లేనివాళ్లకు మొదట బియ్యం ఇచ్చి, మిగిలినవి కోత పండుగ విందుకు వండండి. విందు బియ్యానికి పెట్టే డబ్బు మిగులుతుంది, దానితో కందిపప్పు, నూనె కొనివ్వండి.

క్రిస్మస్

డిసెంబర్‌లో అన్నీ చేయాలనిపిస్తుంది. క్యారల్స్, సెమీ క్రిస్మస్, పిండివంటలు, పేదలకు దుప్పట్లు, ఆటల పోటీలు, ఒకే రకం చీరలు. పత్తి ఏరే అక్క పొద్దున ఏడింటికి చేలో దిగి, చీకటి పడ్డాక తూకం వేయించుకుని వస్తుంది. ఎన్ని కిలోలు ఏరితే అంత కూలి. రాత్రి ఒంటిగంట దాకా క్యారల్స్‌లో తిరిగితే మర్నాడు ఆమె కూలి తగ్గుతుంది. పది రాత్రులు తిరిగే బదులు ఊరిని నాలుగు వాడలుగా చేసి, ఏ వాడ స్త్రీలు ఆ వాడలో, శనివారం రాత్రి తొమ్మిదిన్నర లోపల ముగిస్తే అందరూ పాడతారు.

పిండివంటలూ దుప్పట్లూ పోలిస్తే, కలిసి చేసే పిండివంటలకే నా ఓటు. గరిజెలు (కజ్జికాయలు) ఎంచుకోండి. పిండి కలిపేవాళ్లు, పూరీలు ఒత్తేవాళ్లు, కొబ్బరి, నువ్వులు, చక్కెర నింపేవాళ్లు, అంచు మడిచేవాళ్లు, నూనె దగ్గర నిలబడేవాళ్లు, ఇలా పాతికమందికి పని ఉంటుంది. అంచు మడవడం దగ్గర పెద్దవాళ్లను కూర్చోబెట్టండి. బొటనవేలితో నొక్కుతూ తాడులా పేనుకుంటూ పోయే ఆ మడత అచ్చుతో రాదు, పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. పూర్తిగా ఆరనిచ్చి డబ్బాల్లో పెడితే రెండు వారాలు నిలుస్తాయి. దుప్పట్లు ఇస్తే మాత్రం ఫొటో తీయకుండా, రాత్రివేళ ఇంటికి వెళ్లి ఇవ్వండి. తీసుకునే ముసలమ్మ ఆదివారం మన పక్కనే కూర్చుంటుంది.

ఒకే రకం చీరల గురించి గట్టిగా చెబుతాను, వద్దు. ఏడెనిమిది వందల చీర కొందరికి రెండు రోజుల కూలి. కట్టుకోలేనివాళ్లు పాటకు లేచి నిలబడరు. ఒక ఏడు మా పాటల బృందంలో ఐదుగురు జ్వరమని రాలేదు. ఐదుగురికీ ఒకేసారి జ్వరం రాదని నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి "తెలుపు గానీ, ముదురు ఎరుపు గానీ, మీ దగ్గర ఉన్నది" అని చెబుతున్నాం. గద్వాల చీరా, నారాయణపేట చీరా, సంతలో కొన్న నైలాన్ చీరా ఒకే వరుసలో నిలబడతాయి.

ప్రయాణం పెట్టుకుంటే

మెదక్ చర్చి చూడాలని ప్రతి సమాజంలోనూ అడుగుతారు. కరువు రోజుల్లో పని కల్పించి అన్నం పెడుతూ పోస్నెట్ దొరగారు కట్టించిన ఆలయం, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. చూడదగ్గదే. కానీ నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా పోను సుమారు రెండు వందల కిలోమీటర్లు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్ లేదు కాబట్టి ఆధార్ కార్డులు పట్టుకుని వెళ్లవచ్చు. అయితే హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ బస్టాండులో దిగి జేబీఎస్ బస్టాండుకు మారాలి. ముప్పై మంది, అందులో మోకాళ్ల నొప్పులవాళ్లు, ఒకే బస్సులో ఎక్కలేరు. పదిమంది లోపలైతే ఆర్టీసీ బస్సు, అంతకు మించితే అద్దె బస్సు. అద్దె బస్సులో ఆ ఉచితం ఉండదు. మొదటిసారి వెళ్లేవాళ్లకు దగ్గరి చోటే నయం: పాలమూరు వాళ్లకు పిల్లలమర్రి, నల్గొండ వాళ్లకు నాగార్జునసాగర్. పొద్దున పోయి చీకటి పడేలోపు ఇంటికి చేరవచ్చు. ఇంట్లో భర్తకూ అత్తకూ సర్దిచెప్పి వచ్చే కోడలికి ఆ చీకటి పడేలోపు అన్నదే ముఖ్యం. తేదీ వేసేటప్పుడు పొదుపు సంఘం వాయిదా కట్టే రోజు కూడా చూసుకోండి, ఆ వారం ఎవరి చేతిలోనూ డబ్బుండదు.

కొత్తగా మొదలైన సమాజమైతే మొదటి ఏడు మూడే పెట్టుకోండి. మార్చిలో ప్రపంచ ప్రార్థనా దినం, ఏప్రిల్ చివర మూడు వారాల చలివేంద్రం, దసరా నుంచి పిడికెడు బియ్యం డబ్బా. రంజన్లు ఫిబ్రవరిలోనే కుమ్మరి ఇంటికి వెళ్లి చెప్పి ఉంచండి. ఎండలు ముదిరాక అడిగితే పెద్దవి దొరకవు, దొరికినవి సరిగ్గా కాలి ఉండవు. వేలితో తట్టి చూసి, కంచులా మోగినదే తీసుకోండి.